శిల్పమునకు శబ్దమును జతపఱచిన మనీషి: ఆనంద కుమారస్వామి

శబ్దమునకును అర్థమునకును గల సంబంధము నిత్యమని మీమాంసకులు సిద్ధాంతీకరించినారు. కాని మన పాఠశాలలలో శబ్దము కంఠమున నిలుచును గాని, ఆ శబ్దము బోధించు పదార్థము కంటబడుట అరుదు. అమరకోశమున పురవర్గమును బాల్యముననే వల్లెవేసినవారము మేము. ప్రాకారము, తోరణము, గోపురము, అట్టము, వలభి అను పదములకు పర్యాయములను చెప్పగలము. లింగమును, వ్యుత్పత్తిని చెప్పగలము. క్రీస్తు శకారంభమున ఒక నగరద్వారము ఏ ఆకృతిలో నుండెనో చూపుమన్నచో మాత్రము మౌనము వహింపవలసినదే. మఱియొక వైపున పురావస్తు పరిశోధకులు శిథిలములను త్రవ్వి, కొలిచి, ఛాయాచిత్రములు తీసినారు. వారికి వస్తువు చేతనున్నది; దాని పేరు తఱచుగా తెలియదు. ఈ రెండు తీరములకు సేతువు కట్టినవారిలో అగ్రగణ్యులు ఆనంద కెంటిష్ కుమారస్వామి. ఆయన చరిత్రము ప్రాచ్యకళాశాలలలోని అధ్యాపకులకు, పరిశోధకులకు ఎందులకు అవశ్యజ్ఞేయమో నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కుమారస్వామి 1877 ఆగస్టు 22వ తేదీన కొలంబో నగరమున జన్మించినారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి సింహళద్వీపమందలి తమిళ కుటుంబమునకు చెందినవారు. లండనులో న్యాయశాస్త్రమభ్యసించి బారిస్టరు పట్టమును పొందిన తొలి హిందువులలో ఒకరు. ఆయన కేవలము న్యాయవాది గాదు. పాలీభాషలోని సుత్తనిపాతమును, దాఠావంసమును ఆంగ్లమునకు తెచ్చి 1874లో ప్రకటించిన పండితుడు. తల్లి ఎలిజబెత్ క్లే బీబీ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు వనిత. కుమారుని నామధేయములోని కెంటిష్ అను పదము ఆ మాతృదేశ స్మారకమే. ఆమె శిశువుతో ఇంగ్లండునకు పోయిన పిమ్మట, తానును అచ్చటికి పయనము కట్టుచున్న తండ్రి 1879 మే నెలలో కొలంబోలోనే కాలధర్మము నొందినారు. బాలునకు రెండేండ్లయిన నిండలేదు. ఈ విధముగా పాలీ గ్రంథముల నెఱిగిన తండ్రి పుత్రుడు, ఆ తండ్రి నోట ఒక్క పదమయినను నేర్వక, తల్లి పోషణలో ఆంగ్లేయ బాలుడుగా పెరిగినారు.

గ్లాస్టర్‌షైర్ ప్రాంతమందలి వైక్లిఫ్ కళాశాలలో విద్యాభ్యాసమైన తరువాత ఆయన లండను యూనివర్సిటీ కళాశాలలో చేరి, 1900లో భూగర్భశాస్త్రము, వృక్షశాస్త్రములందు పట్టమును పొందినారు. ఆయన తొలి విద్య రాళ్లను గూర్చినదే యగుట గమనింపదగినది. రాతి పొరలను, స్ఫటికముల ఆకృతులను, వర్ణభేదములను నిశితముగ చూచి పేరు పెట్టి వర్గీకరించుట ఆ శాస్త్రమునకు ప్రాణము. కంటితో చూడనిదానిని చెప్పరాదు. చూచినదానికి సరియైన పేరు లేక ఊరకుండరాదు. ఈ నియమమును ఆయన జీవితాంతము విడువలేదు. 1903లో సింహళద్వీపమున ఖనిజ సర్వేక్షణ శాఖకు అధ్యక్షులై, 1906 వఱకు ఆ పదవిని నిర్వహించినారు. థోరియనైటు అను ఖనిజమును ఆ ద్వీపమున గుర్తించిన ఖ్యాతి ఆయనది. 1906లోనే లండను విశ్వవిద్యాలయము ఆయనకు విజ్ఞానశాస్త్రములో డాక్టరు పట్టమును ప్రసాదించినది.

రాళ్లను వెదకుచు కాండీ ప్రాంతపు గ్రామములలో సంచరించునపుడు ఆయన కంట మఱియొక ఖని పడినది. కంసాలులు, కమ్మరులు, వడ్రంగులు, సాలెలు, కుమ్మరులు, చిత్రకారులు వంశపారంపర్యముగ చేయుచు వచ్చిన పనులు క్షీణించుచుండెను. పూర్వము రాజులు ఆ శిల్పులకు భూములిచ్చి, ఆ భూమికి ప్రతిగా సేవను గ్రహించుచుండిరి. 1815లో కాండీ రాజ్యము ఆంగ్లేయుల వశమైన తరువాత ఆ పోషణము సన్నగిల్లినది. యంత్రాగారముల నుండి వచ్చిన చౌక సరకు విపణిని ఆక్రమించినది. కుమారస్వామి 1905లో సింహళ సంఘ సంస్కరణ సమాజమును నెలకొల్పి, స్వభాష, స్వవేషము, స్వశిల్పములను విడువవలదని ఆ దేశీయులకు బోధించినారు. ఆయన సంస్కరణము కొత్తదానిని తెచ్చుట గాదు. పోవుచున్నదానిని గుర్తించి నిలుపుట.

ఆ గ్రామములలోనే ఆయనకు సంస్కృత శాస్త్రముతో తొలి నిజమైన సమాగమము జరిగినది. అది విద్యాపీఠమున గాదు, శిల్పుల ఇండ్లలో. సింహళ శిల్పులు శారిపుత్రము, రూపావళియ అను సంస్కృత శ్లోకబద్ధ గ్రంథములను ప్రమాణముగ గొని విగ్రహములను నిర్మించుచుండిరి. తాళమానములు, అంగప్రమాణములు, దేవతాలక్షణములు వారికి పుస్తకమందలి విషయములు గావు; ఉలితో, కుంచెతో ప్రతిదినము అనుష్ఠించు విధులు. విగ్రహమునకు నేత్రములను దిద్దు నేత్రమంగళ్యమను క్రతువును కూడ కుమారస్వామి శ్రద్ధతో నమోదు చేసినారు. కన్నులు దిద్దువఱకు అది దారువో శిలయో మాత్రమే. అటుపిమ్మట అది పూజార్హము. శాస్త్రము, శిల్పము, ఆరాధనము ఒకే క్రియలోని మూడు భాగములని ఆయన గ్రహించిన చోటది. ఆయన తరువాతి రచనలకన్నిటికి బీజము ఇచ్చటనే పడినదని నా అభిప్రాయము.

ఈ పరిశ్రమకు ఫలము మధ్యయుగ సింహళ కళను గూర్చి 1908లో వెలువడిన ఉద్గ్రంథము. ప్రథమ భార్య ఎథెల్ ఛాయాచిత్రములు తీసి ఆ పనిలో తోడ్పడినారు. ఆమెయే అనంతర కాలమున చేనేత కళలో ప్రసిద్ధి గాంచిన ఎథెల్ మైరే. గ్రంథము ముద్రితమైన తీరు కూడ కర్తృని ఆశయమునకు అనుగుణమైనదే. ఇంగ్లండులోని బ్రాడ్ క్యాంప్డెన్ గ్రామమున తాము నివసించిన పురాతన భవనముననే, విలియం మోరిస్ పూర్వము వాడిన చేతి ముద్రణ యంత్రముపై, తన పర్యవేక్షణలో పదునైదు మాసములు పాటుపడి 425 ప్రతులను ముద్రింపించినారు. చేతిపనిని కీర్తించు పుస్తకము చేతిపనిగనే వెలువడవలెనని ఆయన పట్టుదల.

ఆ కాలమున భారతీయ శిల్పమును గూర్చి ఐరోపీయ పండితుల అభిప్రాయము ఎట్లుండెనో నేటివారు ఊహింపజాలరు. భారతీయుల అలంకార శిల్పము మెచ్చదగినదని, వస్త్రములు, పాత్రలు సుందరములని ఒప్పుకొనుచునే, దేవతా విగ్రహములు కళ యను పేరునకు తగవని వారనుచుండిరి. అనేక బాహువులు వికృతములని, ఉత్తమ కళ యవనుల సంపర్కముననే ఈ దేశమునకు వచ్చినదని తలంచుచుండిరి. 1910 జనవరిలో లండనులోని కళాసమాజమున ఇ. బి. హావెల్ భారతీయ కళను గూర్చి ప్రసంగించినపుడు, అధ్యక్షత వహించిన సర్ జార్జ్ బర్డ్‌వుడ్ భారతదేశమున ఉత్తమ కళ తనకు కానరాలేదని చెప్పి, ఒక ధ్యానబుద్ధ ప్రతిమను ఉడికించిన పిండివంటకముతో పోల్చినారు. ఈ పరిహాసమునకు ఆంగ్ల కళాకారులే పత్రికాముఖమున నిరసనము తెలిపినారు. ఆ సంవత్సరముననే హావెల్, కుమారస్వామి, రోథెన్‌స్టైన్ ప్రభృతుల ప్రయత్నమున ఇండియా సొసైటీ అవతరించినది. నిందకు ప్రతినింద సమాధానము గాదని, ప్రతిమ ఎందుల కట్లున్నదో ప్రమాణపూర్వకముగ చెప్పుటయే సమాధానమని కుమారస్వామి నిశ్చయించుకొనినారు.

ఈ నడుమ ఆయన భారతదేశమున విస్తృతముగ పర్యటించినారు. కలకత్తాలో ఠాకూరుల గృహమున ఆదరమును పొంది, స్వదేశీ ఉద్యమకాలమున కళయు స్వదేశియు అను విషయమును గూర్చి వ్యాసములు వ్రాసినారు. విదేశీ వస్త్రమును విడిచి, స్వదేశపు మిల్లులో అదే విదేశీ నమూనాను నేయించుట స్వదేశి గాజాలదని ఆయన వాదము. సోదరి నివేదిత అసంపూర్ణముగ విడిచిన హిందూ బౌద్ధ పురాణగాథల గ్రంథమును పూర్తి చేసి 1913లో ప్రకటించినారు. 1910-11లో అలహాబాదున జరిగిన సంయుక్త రాష్ట్రముల ప్రదర్శనమున కళావిభాగము ఆయన పర్యవేక్షణలో నడచినది. ఆ సంచారములలోనే రాజస్థానమునందును, హిమాలయపు కొండ సంస్థానములందును అజ్ఞాతముగ పడియున్న చిత్రపటములను ఆయన సేకరించినారు. అంతకు పూర్వము భారతీయ చిత్రములన్నియు మొగలాయి పేరుననే చలామణి యగుచుండెను. 1916లో రెండు సంపుటములుగ వెలువడిన రాజపుత్ర చిత్రకళ అను గ్రంథమున ఆయన వాటిని వేఱుపఱచి, రాజస్థానీ, పహాడీ యని విభజించి, ఆ చిత్రములకు మూలము వైష్ణవ భక్తి సాహిత్యము, రాగమాలలు, నాయికాభేదములు అని నిరూపించినారు. రసమంజరి, గీతగోవిందము చదివినవానికి ఆ చిత్రములు స్పష్టముగ పలుకునని, చదువనివానికి అవి రంగులు మాత్రమేనని తేలినది.

ఇచ్చట ఆయన చరిత్రలో మనకు మనస్తాపము కలిగించు ఘట్టమొకటి కలదు. తాను కూర్చిన ఆ అపూర్వ సంచయము భారతదేశముననే ఉండవలెనని, కాశీక్షేత్రమున ఒక జాతీయ మ్యూజియము నెలకొల్పినచో దానికే సమర్పింతునని ఆయన ప్రతిపాదించినారు. అందులకు వలసిన ధనము సమకూడలేదు. ధనికులు ముందుకు రాలేదు, ప్రభుత్వము పట్టించుకొనలేదు. ఇంతలో ప్రపంచ యుద్ధము వచ్చినది. పరాధీనమైన దేశపు సంతానము పాలకుని యుద్ధమున పాల్గొనుట ధర్మము గాదని భావించి ఆయన సైనికసేవకు నిరాకరించినారు. ఇంగ్లండున ఉండుట దుష్కరమైనది. ఆ స్థితిలో అమెరికాలోని బోస్టన్ లలితకళా మ్యూజియమునకు ధర్మకర్తయైన డెన్మన్ రాస్ ఆ సంచయమును కొని మ్యూజియమునకు సమర్పించినారు. 1917లో కుమారస్వామి దానికి పాలకులుగ నియుక్తులైనారు. ముప్పది సంవత్సరములు, కడపటి శ్వాస వఱకు, ఆ మ్యూజియమే ఆయన కార్యక్షేత్రము. కాశికి చెందవలసినది బోస్టనుకు చేరినది. ఈ నష్టమునకు పరుల కంటె మనమే అధికముగ బాధ్యులము.

అదే 1917వ సంవత్సరమున తెలుగువారికి ప్రత్యేకముగ ప్రియమైన గ్రంథమొకటి వెలువడినది. నందికేశ్వరకృతమగు అభినయదర్పణమునకు ఆంగ్లానువాదము హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా ప్రకటితమైనది. దాని ముఖపత్రమున కుమారస్వామి నామముతో పాటు కానవచ్చు రెండవ నామము దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది. చీరాల పేరాల ఉద్యమమును 1921లో నడిపి, రామదండును కూర్చిన ఆంధ్రరత్నమే ఆయన. ఎడింబరోలో విద్యాభ్యాసము చేసిన ఆ యువకుడు నాట్యశాస్త్ర పరిజ్ఞానముతో ఈ కృషికి తోడైనారు. అనువాదమునకు ఆధారమైన మూలము తెలుగులిపిలో ముద్రితమైన ప్రతి యగుట మఱియు విశేషము. ఆ కాలమున ఉత్తరదేశమందలి పండితులకు కూడ సులభముగ లభింపని గ్రంథము తెలుగు అక్షరముల ద్వారా పాశ్చాత్య లోకమునకు చేరినది. తరువాత 1934లో మనోమోహన ఘోష్ కలకత్తా నుండి పరిష్కృత మూలమును ప్రకటించినారు. దుగ్గిరాల వారిని మనము రాజకీయ నాయకునిగ స్మరింతుము గాని, శాస్త్రానువాదకునిగ స్మరించుట అరుదు.

ఈ అనువాదమున కుమారస్వామి దృష్టి నాట్యముపై మాత్రమే గాక, శిల్పముపై కూడ నిలిచినది. పతాకము, కటకాముఖము, అర్ధచంద్రము అను హస్తములు నర్తకి చేతనే గాక దేవతామూర్తి చేతను కూడ కలవు. హస్తలక్షణము నెఱుగనివాడు విగ్రహము ఏమి చెప్పుచున్నదో ఎఱుగజాలడు. ఇదే మార్గమున ఆయన శివతాండవమును గూర్చి వ్రాసిన వ్యాసము 1912లో తొలుత ప్రకటితమై, 1918లో న్యూయార్కు నుండి వెలువడిన వ్యాససంపుటికి నామమై లోకప్రసిద్ధి గాంచినది. డమరుకము సృష్టిని, అభయహస్తము స్థితిని, అగ్ని సంహారమును, నిలిపిన పాదము తిరోభావమును, ఎత్తిన పాదము అనుగ్రహమును సూచించునని తమిళ శైవాగ్రంథముల సాక్ష్యముతో ఆయన వివరించినారు. చోళ కాలపు కంచు నటరాజమూర్తి నేడు ప్రపంచమంతట పరిచితమగుటకు ఆ వ్యాసమే ముఖ్యకారణము.

బోస్టనులో ఆయన తొలి కర్తవ్యము సూచీ నిర్మాణము. 1923 నుండి 1930 వఱకు భాగములు భాగములుగ వెలువడిన ఆ వివరణాత్మక సూచికలలో శిల్పము, జైన చిత్రములు, రాజపుత్ర, మొగలాయి చిత్రములు సలక్షణముగ వర్ణితములైనవి. 1927లో భారతీయ, ఇండోనేషియా కళల చరిత్రము వెలువడినది. సింధుతీరము మొదలు యవద్వీపము వఱకు గల శిల్పమును ఏకసూత్రమున కూర్చిన ఆ గ్రంథము చిరకాలము విద్యార్థులకు ప్రమాణమైనది. సాంచీ నుండి వచ్చిన యక్షీ ఖండశిల్పము వంటి అమూల్య వస్తువులు ఆయన కాలముననే ఆ మ్యూజియమునకు చేరినవి.

అదే 1927లో బుద్ధప్రతిమ పుట్టుకను గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసము పండితలోకమున సంచలనము కలిగించినది. ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ ఫూషే, బుద్ధుని మానవాకార ప్రతిమ గాంధారమున యవన శిల్పసంప్రదాయమునుండి పుట్టినదని, భారతీయులు దానిని అనుకరించినారని ప్రతిపాదించియుండెను. కుమారస్వామి మథురా శిల్పములను ముందుంచినారు. పర్‌ఖం గ్రామమున దొరకిన యక్షమూర్తి, భిక్షువు బలుడు కనిష్కుని మూడవ సంవత్సరమున సారనాథమున ప్రతిష్ఠించిన బోధిసత్త్వమూర్తి, మథురా కట్రా ప్రదేశమున లభించిన ఆసీన బుద్ధమూర్తి, వీటి నడుమ గల సాదృశ్యమును చూపినారు. ఆ విశాల వక్షము, స్థిరముగ నిలిచిన భంగి, ఎత్తిన దక్షిణహస్తము యక్షశిల్పము నుండి క్రమముగ వచ్చినవే గాని అపోలో విగ్రహము నుండి గాదని వాదించినారు. ధ్యానయోగమున కూర్చున్న మూర్తి యోగము నెఱిగిన జాతికే స్ఫురించునని, భక్తిమార్గము ప్రబలినపుడు ప్రతిమ తానే అవసరమగునని ఆయన యుక్తి. యక్షులను గూర్చి 1928, 1931 సంవత్సరములలో వెలువడిన రెండు భాగముల గ్రంథము ఈ వాదమునకు పునాదిని దృఢపఱచినది. నేటి పండితులు గాంధార మథురలు రెండును ఇంచుమించుగ సమకాలమున ప్రతిమలను నిర్మించినవని తలంచుచున్నారు. ప్రాథమ్యమును గూర్చిన వివాదము సమసిపోలేదు. కాని మథురాశిల్పము స్వతంత్రమనుటలో నేడు సందేహము లేదు. ఆ స్థానమును సంపాదించి పెట్టినవారు కుమారస్వామి.

సంస్కృతాధ్యాపకులకు ఆయన కృషిలో అత్యంతోపయుక్తమైన భాగము వాస్తుపదముల విచారణము. ప్రసన్నకుమార ఆచార్య మానసారాది గ్రంథముల ఆధారమున హిందూ వాస్తుకోశమును 1927లో ప్రకటించినారు. దానికి అనుబంధమువలె కుమారస్వామి 1928లో అమెరికా ప్రాచ్యవిద్యా సమాజ పత్రికలో దీర్ఘవ్యాసమును వ్రాసినారు. శిల్పశాస్త్రములకంటె ప్రాచీనములైన రామాయణ మహాభారతములు, జాతకములు, అర్థశాస్త్రము మొదలగువానిలో వచ్చు పదములను కూడ గ్రహింపవలెనని, ఆ పదములను భర్హుత్, సాంచీ, మథుర, అమరావతి ఫలకములపై చెక్కిన భవనములతో సరిపోల్చవలెనని ఆయన పద్ధతి. 1930, 1931లలో ప్రాచీన నగరములను, నగరద్వారములను, బోధిగృహములను, ప్రాసాదములను గూర్చి వ్రాసిన వ్యాసములలో ఈ పద్ధతి పరిపూర్ణముగ ఫలించినది.

ఒక్క ఉదాహరణము చాలును. గోపురమన్నచో దక్షిణదేశీయులమైన మనకు దేవాలయ ద్వారముపైని ఉన్నత విమానమే స్ఫురించును. అమరసింహుడు దానిని పురద్వారమని చెప్పినాడు. మనము రెండర్థములను విడివిడిగ కంఠస్థము చేసి ఊరకుందుము. ప్రాచీన ఫలకములపై పరిఖ, వంతెన, ఇరువైపుల అట్టాలకములు, నడుమ అంతస్తులు గల ద్వారభవనము స్పష్టముగ కనిపించును. పాలీ గ్రంథములలోని ద్వారకోష్ఠకము, సంస్కృతమందలి గోపురము ఆ భవనమే. నగరద్వారమునకు చెందిన రూపము దేవాలయ ప్రాకారమునకు సంక్రమించి దక్షిణమున పెరిగినదని గ్రహించినపుడు, కోశమందలి అర్థమును, మన కంటిముందరి అర్థమును ఒకే వంశమున చేరును. కృష్ణాతీరమున మన పూర్వులు చెక్కిన సున్నపురాతి ఫలకములు, అనగా లండను, మద్రాసు మ్యూజియములలో చీలియున్న అమరావతీ శిల్పములు, ఈ విధముగ కావ్యములకు వ్యాఖ్యానములైనవి. వ్యాఖ్యాతలు మల్లినాథుని వంటి మహనీయులే యైనను, వారు చూడజాలని పూర్వకాలపు నగరమును ఆ ఫలకములు చూపుచున్నవి.

1930 తరువాత ఆయన రచన మఱియొక లోతునకు దిగినది. రూపమును గుర్తించుట చాలదు, రూపము ఎందులకు కలిగినదో తెలియవలెనను జిజ్ఞాస ప్రబలినది. 1934లో వెలువడిన ప్రకృతి రూపాంతరమును గూర్చిన గ్రంథమున ఆయన మన ఆలంకారికులను, శిల్పశాస్త్రములను, మధ్యయుగ క్రైస్తవ చింతకుడైన ఎక్‌హార్టును ఒకే వేదికపై కూర్చుండబెట్టినారు. సాదృశ్యమనగా కంటికి కనబడు ఆకారమును అనుకరించుట గాదని, మనస్సున గోచరించిన రూపమునకు చేసిన వస్తువు అనురూపమగుటయని ఆయన వ్యాఖ్య. శుక్రనీతిసారమున ప్రతిమాకారుడు ధ్యానపరుడు కావలెనని విధించిన సందర్భమును ఇందులకు ప్రమాణముగ గొనినారు. మాళవికాగ్నిమిత్రమున నాయికను ప్రత్యక్షముగ చూచిన రాజు, చిత్రము ఆమెకు సరిరాలేదని గ్రహించి, దానికి కారణము చిత్రకారుని శిథిలసమాధి యని భావించుట మనకందఱకు తెలిసిన ఘట్టము. ఆ పదమును శతాబ్దములుగ చదివితిమి. చమత్కారమనుకొని ముందునకు సాగితిమి. కళాలోపమునకు కారణము చేతివాటము గాదు, ఏకాగ్రతాలోపమని చెప్పు ఒక సిద్ధాంతము ఆ పదమున ఇమిడియున్నదని కుమారస్వామి చూపినారు.

1935లో బౌద్ధ ప్రతిమాలక్షణ మూలములను గూర్చిన గ్రంథము వెలువడినది. దానియందు అమరావతీ ఫలకములపై కానవచ్చు జ్వాలాస్తంభమును విచారించినారు. బుద్ధుని మానవరూపమున చూపక, ఆయనకు బదులుగ జ్వాలలు వెలువడు స్తంభమును, దానిపై చక్రమును లేక త్రిరత్నమును శిల్పులు నిలిపిరి. దీనిని ఆయన వేదమందలి అగ్నితో, లోకములను నిలుపు స్కంభభావనతో అనుసంధించినారు. వేదాధ్యయనపరుడు బౌద్ధశిల్పమును తనదిగ గుర్తింపగల మార్గమిది.

మ్యూజియమున పనిచేయుచునే మ్యూజియమును ప్రశ్నించిన నిర్భయుడు ఆయన. కళాఖండములను ఎందులకు ప్రదర్శించుట యను ప్రశ్ననే శీర్షికగ గొని 1943లో ఒక వ్యాససంపుటిని ప్రకటించినారు. విగ్రహము పూజకొఱకు, పాత్ర భోజనముకొఱకు, ఖడ్గము యుద్ధముకొఱకు పుట్టినవి. గాజుపెట్టెలో నిలిపి రంగును, రేఖను మెచ్చుట వాటిని సగమే చూచుట. ఆ వస్తువు ఎవరికొఱకు, ఏ ప్రయోజనమునకు, ఏ జ్ఞానముతో చేయబడినదో బోధింపని మ్యూజియము వినోదశాల మాత్రమే యగునని ఆయన తీర్పు. ఈజిప్టు, గ్రీసు, చీనా, క్రైస్తవ ఐరోపా, ఇస్లాము దేశములు, భారతదేశము, ఇవన్నియు పూర్వకాలమున కళను ప్రయోజనసహితమైన కర్మగనే భావించినవని, కళ కేవలము అనుభూతికొఱకను భావన అర్వాచీనమని ఆయన నిరూపింపజూచినారు. దేవాలయమునకు, గృహమునకు చెందవలసిన వస్తువుల నడుమ, అవి స్థానభ్రష్టములైనవని తెలిసియు, వాటికి భాష్యము చెప్పుచు బ్రతికిన ఆ మనీషి వేదనను మనము గ్రహింపవలెను.

గుణములను కీర్తించునపుడు పరిమితులను దాచుట పండితధర్మము గాదు. రాజపుత్ర, మొగలాయి చిత్రకళలను ఆయన అత్యంతము వేఱుపఱచినారని, చిత్రకారులు ఒక ఆస్థానము నుండి మఱియొక ఆస్థానమునకు పోవుచుండిరని అనంతర పరిశోధనము చూపినది. నటరాజమూర్తి విషయమున, ఆయన గొనిన గ్రంథములలో కొన్ని ఆ మూర్తి పుట్టిన పిమ్మటి కాలమునకు చెందినవని, గ్రంథార్థమును పూర్వకాలమునకు ఆరోపింపరాదని పద్మా కైమల్ 1999లో విమర్శించినారు. శుక్రనీతిసారము అర్వాచీనమను పండితులును కలరు. శిల్పుల సంఘములను, వర్ణవ్యవస్థను ఆయన ఆదర్శప్రాయముగ మాత్రమే చూచి, అందలి దుఃఖమును తగినంత చూడలేదను ఆక్షేపణమును త్రోసిపుచ్చుట కష్టము. ఈ విమర్శల వలన ఆయన మార్గము మూతపడదు. శబ్దమును శిల్పమునకు జతపఱచునపుడు రెండింటి కాలమును, దేశమును నిర్ణయించిన పిమ్మటనే జతపఱచవలెనను నియమము మాత్రము దృఢపడును. ఆ నియమమును పాటించుటకు మూలగ్రంథముల పౌర్వాపర్యము నెఱిగిన సంస్కృతజ్ఞులే ప్రధానముగ కావలెను.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమైనది. ఆ నెల 22వ తేదీన మిత్రులు బోస్టను నగరమున కుమారస్వామి సప్తతిపూర్తి సందర్భమున విందు చేసినారు. ఆ సభలో ఆయన ఉద్యోగమును విరమించి, భారతదేశమునకు మరలి, హిమాలయ ప్రాంతమున శేషజీవితమును గడుపు సంకల్పమును ప్రకటించినారు. పాండిత్యము ముగిసి వానప్రస్థము ఆరంభము కావలసినది. కాని పదునెనిమిది దినములలో, సెప్టెంబరు 9వ తేదీన, మసాచుసెట్స్ రాష్ట్రమందలి నీధమ్ గ్రామమున స్వగృహముననే హఠాత్తుగ పరమపదించినారు. తన సంచయము కాశిని చేరలేదు. తానును హిమాలయమును చేరలేదు.

ఆయన రచనలలో ముఖ్యములు 1977లో రోజర్ లిప్సీ సంపాదకత్వమున ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయము ద్వారా వెలువడినవి. 1987లో ఢిల్లీ నగరమున స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన గ్రంథములను పునర్ముద్రించుచు వచ్చినది. గ్రంథములు లభ్యములే, చదువువారే కావలెను. మన కళాశాలలలో అమరకోశము, కాదంబరి, మాళవికాగ్నిమిత్రము పాఠ్యములుగ ఉన్నవి. అమరావతి, నాగార్జునకొండ మనకు దూరములు గావు. పురవర్గమును బోధించు అధ్యాపకుడు విద్యార్థులను ఒక్క దినము మ్యూజియమునకు గొనిపోయి, ఫలకము ముందర నిలిపి, ఇది తోరణము, ఇది అట్టాలకము, ఇది గవాక్షము అని వ్రేలితో చూపినచో, కంఠమున నిలిచిన పదము కంటను నిలుచును. సంస్కృతమును పెద్దయైన పిదప స్వయముగ నేర్చిన ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు సాధించినదానిని, బాల్యము నుండి శాస్త్రమును చదివిన మనము సాధింపలేకపోవుటకు హేతువు మన అనాలోచనమే. నేనును ఆ అనాలోచనమునకు చాలకాలము పాత్రుడనే. విజ్ఞులు ఈ లోపమును తీర్చుదురుగాక.